స్పోర్ట్స్ వాచ్‌లో దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

వాచ్ కొనాలనుకోగానే చాలామంది మూడు నాలుగు మోడళ్లు పక్కపక్కన పెట్టుకుని ఫీచర్లు లెక్కపెడతారు. ఒకదాంట్లో 100 స్పోర్ట్స్ మోడ్‌లు, ఇంకోదాంట్లో 150, పైగా దాని ధరే తక్కువ, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ 150 మోడ్‌లలో చాలావాటి లోపల జరిగే పని ఒక్కటే: టైమర్ నడుస్తుంది, గుండె వేగం రికార్డవుతుంది, దాన్నిబట్టి కేలరీలు లెక్కగడుతుంది. పైన ఉండే పేరూ బొమ్మా మారతాయంతే. బ్యాడ్మింటన్ మోడ్ పెట్టుకుని ఆడినా, టేబుల్ టెన్నిస్ మోడ్ పెట్టుకుని ఆడినా చాలా వాచ్‌లు ఇచ్చే రిపోర్టు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పరుగు, సైక్లింగ్, ఈత, ట్రెక్కింగ్ లాంటి కొన్నిటికి మాత్రం నిజంగానే వేరే కొలతలు, వేరే లెక్కలు ఉంటాయి. కాబట్టి మోడ్‌ల సంఖ్యని చూసి మురిసిపోవాల్సిన పనిలేదు.

దానికి బదులు ఒక ప్రశ్న వేసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది: వాచ్ చూపించే ఏ అంకె చూశాక రేపటి ప్రాక్టీస్ మారుతుంది? పరిగెత్తేవాళ్లకి అది కిలోమీటరుకి పట్టే టైమ్, అంటే పేస్ కావచ్చు. గుండె వేగం జోన్లు, అంటే తేలిక నుంచి గట్టిదాకా గుండె వేగాన్ని విడగొట్టిన మెట్లు, చూసుకుంటూ ట్రైనింగ్ చేసేవాళ్లకి హార్ట్ రేట్. ఈతగాళ్లకి ఎన్ని ల్యాప్‌లు, ఒక్కోదానికి ఎన్ని సెకన్లు. కొండలెక్కేవాళ్లకి ఎంత ఎత్తు ఎక్కారు, దారి ఎటు. ఎవరికైనా ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి, మహా అయితే మూడు. ఆ రెండు మూడు అంకెలు నమ్మదగినట్టు ఇచ్చే వాచ్‌లలో ధర తక్కువున్నది ఏదో అదే మంచి బేరం. మిగతావన్నీ చూసి ఆనందించడానికి బాగానే ఉంటాయి గానీ వాటికోసం రెట్టింపు డబ్బు పెట్టడం దండగ.

అంకె ఎంత నమ్మదగిందో తెలియాలంటే అది ఎలా పుడుతోందో కొంచెం తెలియాలి, ముఖ్యంగా గుండె వేగం విషయంలో. వాచ్ వెనక ఆకుపచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తాయి కదా, కథంతా అక్కడే. రక్తం ఎర్రగా కనిపిస్తోందంటే ఎరుపుని వెనక్కి పంపేసి ఆకుపచ్చని మింగేస్తోందని అర్థం. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టు చర్మం కింద సన్నటి రక్తనాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, అప్పుడు తిరిగొచ్చే ఆకుపచ్చ వెలుతురు కాస్త తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గుల్ని వాచ్‌లోని సెన్సర్ పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు జరిగిందో లెక్కగడుతుంది. కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది, చవక బ్యాండ్ అయినా సరే. కష్టమంతా చెయ్యి కదలడం మొదలయ్యాకే. అసలా వెలుతురులో వచ్చే మార్పే చాలా చిన్నది, చెయ్యి ఊగినప్పుడు వాచ్ చర్మం మీద అటూ ఇటూ జరగడం వల్ల వచ్చే మార్పు దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆ గోలలోంచి గుండె చప్పుడుని వేరు చెయ్యడం సాఫ్ట్‌వేర్ పని. ఖరీదైన వాచ్‌కీ చవక వాచ్‌కీ గుండె వేగం దగ్గర తేడా వచ్చేది చాలావరకు ఇక్కడే.

ఇది ఎలా తప్పుతుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. ఒక మనిషి తేలిగ్గా పరిగెడుతున్నారు, గుండె అసలు వేగం 135 దగ్గర ఉంది, అడుగులు నిమిషానికి 170 పడుతున్నాయి. వాచ్ మొదట 128, 131, 134 అని బాగానే చూపిస్తుంది. ఉన్నట్టుండి 150, తర్వాత 168, 171, 170, ఇక అక్కడే నిలబడిపోతుంది. ఊపిరి మామూలుగానే ఉంది, పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలుగుతున్నారు, వాచ్ మాత్రం ఆఖరి 200 మీటర్లు ప్రాణం పెట్టి ఉరుకుతున్నట్టు చెబుతోంది. జరిగిందేమిటంటే, అడుగు పడ్డప్పుడల్లా చేతికి తగిలే కుదుపు కూడా ఒక లయలో ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్నే గుండె లయ అనుకుంది. నిమిషానికి పడే అడుగుల లెక్కని కేడెన్స్ అంటారు కాబట్టి రన్నర్లు దీన్ని కేడెన్స్ లాక్ అంటారు. ఇంటికొచ్చాక యాప్‌లో హార్ట్ రేట్ గీతనీ అడుగుల గీతనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే రెండూ అతుక్కుపోయి కనిపిస్తాయి. ఆ రోజు "థ్రెషోల్డ్ ట్రైనింగ్ (బాగా గట్టి పరుగు) చేశారు, రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి" అని వాచ్ చెప్పిందంటే ఆ సలహాకి విలువేమీ లేదు, దాని కింద ఉన్న అంకే తప్పు.

పెట్టుకునే తీరు వల్ల దీంట్లో కొంత బాగుపడుతుంది. వాచ్‌ని మణికట్టు ఎముక మీద కాకుండా ఒక వేలు వెడల్పు పైకి జరిపి, ఆడేటప్పుడు ఒక రంధ్రం బిగించి పెట్టుకోవాలి. చలిలో చేతికి రక్తం తక్కువ పారుతుంది, అందుకని మొదటి పది నిమిషాలు అంకెలు అటూ ఇటూ అవుతాయి. మణికట్టు మీద ముదురు రంగు టాటూ ఉంటే కొన్నిసార్లు అసలు చదవదు. ఇంతా చేసినా కొన్ని ఆటల్లో మణికట్టు సెన్సర్ తడబడుతుంది. బరువులు ఎత్తేటప్పుడు మణికట్టు వంగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. సైకిల్ మీద హ్యాండిల్ అదురు నేరుగా చేతికొస్తుంది. రాకెట్ ఆటల్లో వాచ్‌ని రాకెట్ పట్టని చేతికి పెట్టుకోకపోతే అంకెలు వదులుకోవాల్సిందే. 30 సెకన్లు ఉరికి 30 సెకన్లు ఆగే ఇంటర్వల్స్‌లో అయితే వాచ్‌లో అంకె పైకెక్కేలోపు ఉరకడం అయిపోతుంది.

వీటన్నిటికీ మందు చాలా పాతది, చెస్ట్ స్ట్రాప్. ఛాతీకి కట్టుకునే ఈ పట్టీ వెలుతురుతో పనిలేకుండా గుండె నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్నే నేరుగా పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌కి చెందిన పోలార్ కంపెనీ వైర్ లేని హార్ట్ రేట్ మానిటర్‌ని 1982లోనే అమ్మింది, అంటే ఈ స్మార్ట్‌వాచ్‌లన్నిటికంటే దశాబ్దాల ముందు. పద్ధతి ఇప్పటికీ అదే, కచ్చితత్వంలో మణికట్టు సెన్సర్ దాన్ని ఇంకా దాటలేదు. కట్టుకునే ముందు లోపలివైపు ఎలక్ట్రోడ్లని నీళ్లతో తడపాలి, వాడాక ఉతకాలి, ఎప్పుడో ఒకసారి బటన్ బ్యాటరీ మార్చాలి, దాని బాధలు ఇంతే. ఇక్కడే డబ్బు విలువ లెక్క తిరగబడుతుంది. హార్ట్ రేట్ జోన్లే ముఖ్యమనుకునేవాళ్లు టాప్ మోడల్ కొనడం కంటే కింది మోడల్ వాచ్ కొని దానికి చెస్ట్ స్ట్రాప్ జతచేస్తే మొత్తం ఖర్చు తక్కువవుతుంది, అంకె మెరుగ్గా ఉంటుంది. ఒకే ఒక్క షరతు, వాచ్ బయటి సెన్సర్‌ని తీసుకోవాలి. బ్లూటూత్ ద్వారా గానీ యాంట్ ప్లస్ అనే ఇంకో వైర్‌లెస్ పద్ధతి ద్వారా గానీ బయటి హార్ట్ రేట్ సెన్సర్ జతవుతుందా అన్నది ఫీచర్ల జాబితాలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చాలా చవక బ్యాండ్లలో ఉండనే ఉండదు. 150 మోడ్‌ల కంటే ఈ ఒక్క లైను విలువ ఎక్కువ. ఛాతీకి పట్టీ ఇబ్బంది అనుకునేవాళ్లకి మోచేతి చుట్టుపక్కల కట్టుకునే, వాచ్‌లాగే వెలుతురుతో కొలిచే ఆప్టికల్ బ్యాండ్లు ఉన్నాయి. మణికట్టుతో పోలిస్తే అక్కడ కండ ఎక్కువ, కుదుపు తక్కువ కాబట్టి అవి చాలా నయం.

ఫుట్‌బాల్ ఆడేవాళ్లు ఒక విషయం ముందే చూసుకోవాలి. ఆట నియమాల్లో నాలుగోది ఎదుటివాళ్లకి ప్రమాదమయ్యే వస్తువులేవీ ఒంటిమీద ఉండకూడదంటుంది, నగలు పూర్తిగా నిషేధం, మ్యాచ్‌లో చేతికి వాచ్ ఉంటే రిఫరీ తీసెయ్యమంటారు. సొంత మెమరీ ఉన్న స్ట్రాప్ జెర్సీ కింద పెట్టుకుని ఆట అయ్యాక ఫోన్‌లోకి దింపుకోవడం వాళ్లకి పనికొచ్చే దారి, దానికీ లోకల్ రూల్స్ ఒప్పుకోవాలి. అలాంటివాళ్లకి వాచ్ మీద పెట్టే డబ్బే అనవసరం కావచ్చు.

జోన్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక పొరపాటు చెప్పుకోవాలి. కొత్త వాచ్‌కి వయసు చెప్పగానే చాలావరకు 220లోంచి వయసు తీసేసి అదే గరిష్ఠ గుండె వేగం అనుకుని జోన్లు వేసేస్తుంది. ఈ సూత్రం 1970ల మొదట్లో పాత లెక్కల మీద సుమారుగా గీసిన గీత నుంచి వచ్చింది, దానికోసమే జాగ్రత్తగా చేసిన కొలత ఏదీ లేదు. 2001లో వచ్చిన ఇంకో సూత్రం 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసెయ్యమంటుంది. ఇది నయమే, కానీ ఏ సూత్రమైనా ఒక్కో మనిషికి 10, 12 బీట్లు అటూ ఇటూ అవడం మామూలే. 40 ఏళ్ల మనిషికి వాచ్ 180 అనుకుంటుంది, అసలుది 192 అయితే జోన్లన్నీ కిందకి జారిపోయి, తేలిక పరుగు కూడా కష్టమైన పరుగులా లెక్కలోకి వస్తుంది. ఆరోగ్యం బాగున్నవాళ్లు కొండ మీదకి పూర్తి బలంతో చేసిన పరుగుల్లో స్ట్రాప్ మీద కనిపించిన అత్యధిక అంకెని తీసుకుని జోన్లు మార్చుకుంటే సరిపోతుంది. అందుకే జోన్లని చేత్తో మార్చుకునే వీలు ఉందా అని చూడాలి, లేనిది జోన్ ట్రైనింగ్‌కి పనికిరాదు.

ఇక జీపీఎస్. మొదట తేల్చుకోవాల్సింది వాచ్‌లో సొంత జీపీఎస్ ఉందా, ఫోన్‌ది వాడుకుంటుందా అన్నది. "కనెక్టెడ్ జీపీఎస్" అని రాసి ఉంటే ఫోన్ జేబులో ఉంటేనే దారి రికార్డవుతుంది. పేరు చూసి సొంతదే అనుకుని కొనేవాళ్లు ఎందరో. ఎప్పుడూ ఫోన్‌తోనే పరిగెత్తే అలవాటుంటే మాత్రం ఇది లోపమేమీ కాదు, పైగా అలాంటి బ్యాండ్ చాలా చవకగా వస్తుంది.

సొంత జీపీఎస్ ఉన్నవాటిలో ఈ మధ్య వినిపించే మాట డ్యుయల్ బ్యాండ్. ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి పట్టిన సమయాన్నిబట్టి దూరం లెక్కగట్టడం జీపీఎస్ పద్ధతి, స్థానం తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరకాలి. ఎత్తైన భవనాల మధ్య, కొండ అంచుల దగ్గర సిగ్నల్ గోడకి తగిలి తిరిగొస్తుంది, ఆలస్యమవుతుంది, వాచ్ ఆ ఆలస్యాన్ని దూరమనుకుని మిమ్మల్ని పక్క వీధిలో పెడుతుంది. పాత వాచ్‌లు వాడేది 1575.42 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక్కటే. డ్యుయల్ బ్యాండ్ వాచ్ దాంతోపాటు 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే కొత్త సిగ్నల్‌ని కూడా తీసుకుంటుంది. నేరుగా వచ్చినదేదో గోడకి తగిలి వచ్చినదేదో ఈ రెండో సిగ్నల్‌తో తేలిగ్గా విడదీయగలదు. బాగుందా అంటే బాగుంది, కానీ ఎవరికి? నగరం నడిబొడ్డున, దట్టమైన అడవిలో, లోయల్లో పరిగెత్తేవాళ్లకి తేడా కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. పైన ఆకాశం విశాలంగా ఉన్న చోట, చెరువు గట్టు మీద, మైదానంలో, ఊరి బయట రోడ్డు మీద అయితే మామూలు జీపీఎస్‌తోనే పని జరిగిపోతుంది, ఎక్కువ డబ్బు పెడితే దక్కేది బ్యాటరీ త్వరగా అయిపోవడమే.

దూరం విషయంలో వాచ్ మీద అనవసరంగా పడే నింద ఒకటుంది. మారథాన్ పరిగెత్తి వాచ్ చూసుకుంటే 42.195కి బదులు 42.6 అని ఉంటుంది, నిర్వాహకులు తప్పు కొలిచారనో వాచ్ పాడైందనో అనుకుంటారు. అధికారికంగా కొలిచే కోర్సుల్లో మలుపుల దగ్గర అతి దగ్గరి దారి పట్టుకుని, సైకిల్ చక్రానికి అమర్చిన కౌంటర్‌తో కొలుస్తారు, పొరపాటున కూడా తక్కువ రాకూడదని కిలోమీటరుకి ఒక మీటరు కలుపుతారు. పరిగెత్తేవాళ్లు జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ల టేబుల్ దగ్గరికి జరుగుతూ, మలుపుల్లో బయటి వైపు వెళ్తూ నిజంగానే ఎక్కువ దూరం పోతారు, దానికి జీపీఎస్ వణుకు తోడవుతుంది. దీనివల్ల వాచ్ చూపే పేస్ నిజం కంటే కిలోమీటరుకి రెండు మూడు సెకన్లు మెరుగ్గా కనిపిస్తుంది. 4 గంటల్లో ముగించాలని సరిగ్గా ఆ పేస్ పట్టుకుని పరిగెత్తినవాళ్లు ఫినిష్ లైన్ దగ్గర రెండు నిమిషాలు ఆలస్యంగా తేలేది ఇందుకే. ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గర చేత్తో ల్యాప్ బటన్ నొక్కుకుంటే ఈ తేడా ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవచ్చు. ఆ బటన్ బొటనవేలికి దొరకాలి మరి. చెమట చేతులతో టచ్ స్క్రీన్ మీద ల్యాప్ నొక్కడం ఎంత చిరాకో ఒక్కసారి ప్రయత్నించిన ఎవరికైనా తెలుస్తుంది. వానలో తెర దానంతటదే నొక్కుకుని వర్కౌట్ ఆగిపోవడం కూడా ఉంటుంది. పరుగుకీ ఈతకీ బటన్లు ఉన్న వాచ్ తీసుకోవడం అన్నది ఏ కొత్త సెన్సర్ కంటే కూడా ఎక్కువ సుఖం.

ఈతకి కొనేటప్పుడు 5 ఏటీఎం, 50 మీటర్లు అని రాసి ఉన్నదాన్ని 50 మీటర్ల లోతుకి దూకొచ్చని చదువుకోకూడదు. కదలని నీళ్లలో అంత ఒత్తిడి పెట్టి పరీక్షించారని దాని అర్థం, పూల్‌లో ఈతకి అది చాలు, డైవింగ్‌కి చాలదు. ఐపీ67, ఐపీ68 అని మాత్రమే ఉంటే వానకీ చెమటకీ సరే, ఈతకని కొనొద్దు. నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీల్‌ని వేడినీళ్లూ సబ్బూ నెమ్మదిగా పాడుచేస్తాయి కాబట్టి స్నానానికి తీసెయ్యడం మేలు. పూల్‌లో వాచ్ జీపీఎస్ వాడదు, చేతి కదలికల్నిబట్టి, గోడ దగ్గర తిరిగి తోసుకున్న కుదుపుని పట్టి ల్యాప్‌లు లెక్కపెడుతుంది. అందుకే పూల్ పొడవు 25 మీటర్లా 50 మీటర్లా అని ముందే చెప్పాలి. మరీ చిన్న పూల్ పొడవు పెట్టుకునే వీలు చాలా వాచ్‌లలో లేదు, ఇది కొనకముందే చూసుకోవాలి. కిక్‌బోర్డు పట్టుకుని కాళ్లతో మాత్రమే ఈదితే చేతులు కదలవు కాబట్టి ఆ ల్యాప్‌లు లెక్కలోకి రావు. చెరువులోనో సముద్రంలోనో అయితే నీళ్లలో జీపీఎస్ సిగ్నల్ అందదు, చెయ్యి నీటి పైకి లేచిన ఆ క్షణంలో దొరికినదాంతోనే దారి అతికించుకుంటుంది, ఎక్కువ తక్కువలు తప్పవు.

కేలరీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు మణికట్టు పరికరాల్ని పరీక్షిస్తే వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతంలోపు తేడాతో చూపించాయి, కేలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వాన్నమైనది 93 శాతం. అప్పటినుంచీ సెన్సర్లు మెరుగయ్యాయి గానీ చేతికి కట్టుకున్న వస్తువు ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో నేరుగా కొలవలేదు, గుండె వేగం, బరువు, వయసు చూసి ఊహించగలదు. ఆ అంకె చూసి ఇంత తినొచ్చని లెక్కేసుకుంటే మోసపోయేది మనమే. రోజుకి 10,000 అడుగులు అన్న లక్ష్యం కూడా 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరు నుంచి వచ్చింది, ఆ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటర్ అని. నడకని ప్రోత్సహించడానికి బాగానే ఉంది, ఆటకి దాంతో సంబంధం తక్కువ.

వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్), రికవరీ (శ్రమ నుంచి ఎంత తేరుకున్నారన్నది), ట్రైనింగ్ లోడ్ (చేసిన శ్రమ మొత్తం), నిద్ర స్కోరు ఇవన్నీ ఇంకో రకం. వీటిని వాచ్ కొలవదు, వేరే అంకెల మీద కడుతుంది. వీఓ2 మ్యాక్స్‌ని కచ్చితంగా కొలవాలంటే ల్యాబ్‌లో ముఖానికి మాస్క్ పెట్టి ట్రెడ్‌మిల్ మీద అలిసిపోయేదాకా పరిగెత్తిస్తారు. వాచ్ చేసేది, ఈ పేస్‌లో ఇంత గుండె వేగం ఉంది కాబట్టి సామర్థ్యం ఇంత ఉండొచ్చని లెక్క వెయ్యడం. గుండె వేగం తప్పయితే, గరిష్ఠ వేగం తప్పయితే, ఎండ మండిపోతున్న రోజయితే ఈ అంకె కూడా తప్పుతుంది. నిద్రలో మొత్తం ఎన్ని గంటలు పడుకున్నారో దాదాపు సరిగ్గానే చెబుతాయి, గాఢ నిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అన్న విభజన మాత్రం మెదడు తరంగాలు చూడకుండా చేతి నుంచి చేసే ఊహ. ఒకే వాచ్‌ని నెలల తరబడి పెట్టుకుంటే అంకె పైకి పోతోందా కిందకి పోతోందా అన్న ధోరణి పనికొస్తుంది, ఈ రోజు 47, నిన్న 48 అని టెన్షన్ పడటం వృథా. ఉదయం లేవగానే బాగున్నట్టనిపించి, వాచ్ మాత్రం రికవరీ 31 శాతమే అంటే ఒంటిమాటే వినాలి.

ఇక్కడే చవక వాచ్‌ల బండారం పసిగట్టే చిట్కా ఒకటుంది. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలుస్తానని ఏ వాచ్ అయినా చెప్పుకుంటే దాన్ని అక్కడే వదిలెయ్యాలి. అలా కొలిచే వాచ్‌కి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మొద్దని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇంత పెద్ద విషయంలో అబద్ధం ఆడిన కంపెనీ గుండె వేగం దగ్గర నిజాయితీగా ఉంటుందనుకోవడం కష్టం.

బ్యాటరీ దగ్గర డబ్బా మీద రాసిన రోజుల సంఖ్య చూసి లాభం లేదు, జీపీఎస్ ఆన్‌లో ఉంటే ఎన్ని గంటలు వస్తుందన్నదే ఆటకి కావాల్సిన లెక్క. 14 రోజులు అన్న వాచ్ జీపీఎస్‌తో 10 గంటలే రావచ్చు, డ్యుయల్ బ్యాండ్ పెట్టి తెర ఎప్పుడూ వెలిగేలా ఉంచితే ఇంకా తగ్గుతుంది. వారానికి నాలుగైదు గంటల పరుగు ఉన్నవాళ్లకి అది చాలు. మారథాన్ కంటే పొడవైన అల్ట్రా పరుగులు, రెండు రోజుల ట్రెక్కులు చేసేవాళ్లకి చాలదు. కొన్నేళ్లు వాడేసరికి లిథియం బ్యాటరీ పట్టు తగ్గుతుంది కాబట్టి 5 గంటల మారథాన్ పరిగెత్తేవాళ్లు సరిగ్గా 6 గంటలు వచ్చేది కొంటే మూడో ఏడు 35వ కిలోమీటరు దగ్గర తెర నల్లబడుతుంది. కనీసం రెట్టింపు గంటలున్నది తీసుకోవాలి. తనంతట తానే వెలిగే అమోలెడ్ తెర అందంగా ఉంటుంది, గదిలో, చీకట్లో బాగా కనిపిస్తుంది. ఎండ వెలుతురునే వాడుకుని కనిపించే పాత తరహా మిప్ తెర చూడ్డానికి వెలిసిపోయినట్టుంటుంది గానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఎంతో స్పష్టంగా ఉంటుంది, బ్యాటరీని తక్కువ తింటుంది.

ఫోన్‌తో జత కుదరడం పైకి చిన్న విషయంలా ఉంటుంది. యాపిల్ వాచ్ ఐఫోన్‌తోనే పనిచేస్తుంది, 2021 నుంచి వస్తున్న శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లు ఆండ్రాయిడ్‌తోనే. గార్మిన్, కోరోస్, పోలార్, సూంటో, అమేజ్‌ఫిట్ లాంటివి రెండిటితోనూ పనిచేస్తాయి. రేపు ఫోన్ మారిస్తే వాచ్ కూడా మార్చాల్సొస్తే ఆ ఖర్చు కూడా ఈ వాచ్ ధరలో భాగమే.

అంతకంటే పెద్ద విషయం, వాచ్ కొన్నాక అది ఎవరి సర్వర్ల మీద ఆధారపడి బతుకుతుందన్నది. పెబుల్ వాచ్‌లని జనం ఎంతో ఇష్టపడ్డారు. 2016లో ఆ కంపెనీ మూతపడి ఆస్తులు ఫిట్‌బిట్ చేతికి వెళ్లాయి, 2018లో సర్వర్లు ఆగిపోయాయి. ఆ ఫిట్‌బిట్ కూడా 2021లో గూగుల్ సొంతమైంది. మైక్రోసాఫ్ట్ తన బ్యాండ్‌కి సేవల్ని 2019లో ఆపేసింది. ఇవేవీ ఊరూపేరూ లేని కంపెనీలు కావు. గార్మిన్ లాంటి గట్టి కంపెనీకే 2020 జూలైలో సైబర్ దాడి వల్ల కొన్ని రోజులపాటు యాప్ సేవలు నిలిచిపోయాయి, అప్పుడు కూడా వాచ్‌లు పరుగుల్ని రికార్డు చేస్తూనే ఉన్నాయి, కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్లు తీసుకున్నవాళ్లున్నారు. దీన్నిబట్టి కొనేముందు చూడాల్సింది తేలిపోతుంది: వర్కౌట్‌ని వేరే యాప్‌లు కూడా చదవగల ఫిట్, జీపీఎక్స్ లాంటి ఫైలుగా బయటికి తీసుకునే వీలుందా, వర్కౌట్లు దాచుకునే స్ట్రావా లాంటి వేరే యాప్‌కి దానంతటదే పంపుతుందా. మూడేళ్ల పరుగుల చరిత్ర ఒక యాప్‌లో ఇరుక్కుపోతే ఆ యాప్ వదల్లేక అదే కంపెనీ వాచ్ మళ్లీ కొంటారు, అది బానిసత్వమే.

చందాల లెక్క కూడా ఇందులోనే. వూప్ లాంటి బ్యాండ్ చందా కట్టకపోతే పనిచెయ్యదు, ఇంకొన్ని కంపెనీలు ఉచితంగా ఇచ్చేదాన్ని ఉంచి పైన డబ్బులకి కొత్త రిపోర్టులు పెడుతున్నాయి, గార్మిన్ కూడా 2025లో అలాంటి చందా మొదలుపెట్టింది. ధరలు పోల్చేటప్పుడు వాచ్ ధరకి మూడేళ్ల చందా కలిపి చూడాలి. అలా చూస్తే మొదట చవకగా కనిపించింది చివరికి అన్నిటికంటే ఖరీదైనదిగా తేలడం మామూలే. చందా లేకుండా ఏమేం మిగులుతాయో ఒక కాగితం మీద రాసుకుని, మొదట చెప్పుకున్న ఆ రెండు మూడు అంకెలు అందులో ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

నిజంగా డబ్బు మిగిలే చోటు మాత్రం నిన్నటి మోడల్. స్పోర్ట్స్ వాచ్‌లలో ఏటా వచ్చే మార్పు చాలా చిన్నది. గార్మిన్ ఫోర్‌రన్నర్ 255 2022లో వచ్చింది, మరుసటి ఏడు 265 వచ్చింది. పెద్ద తేడా మిప్ తెర పోయి అమోలెడ్ తెర రావడం, కొన్ని రికవరీ లెక్కలు కలవడం. డ్యుయల్ బ్యాండ్ జీపీఎస్, బయటి సెన్సర్లని తీసుకోవడం, బటన్లు, ఇవన్నీ 255లోనే ఉన్నాయి. కొత్తది వచ్చిన వారం పాతదాని ధర పడిపోతుంది, పరిగెత్తే కాళ్లకి ఆ తేడా తెలియదు. అలాగే కోరోస్ పేస్ 3, 2023లో వచ్చింది, నైలాన్ పట్టీతో 30 గ్రాములే బరువు, డ్యుయల్ బ్యాండ్ కూడా ఉంది. ఇలాంటివాటిలో మ్యూజిక్ యాప్‌లు, ఫోన్ కాల్స్, చెల్లింపులు తక్కువ లేదా అసలుండవు, ఆ లోటే ధర తగ్గడానికి కారణం. పాత మోడల్ కొనేటప్పుడు అది వచ్చి ఎన్నేళ్లయింది, కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తోందా అన్నవి చూడాలి. సెకండ్ హ్యాండ్ అయితే జీపీఎస్ ఆన్ చేసి గంటలో ఎంత శాతం బ్యాటరీ పోతోందో చూడకుండా డబ్బు ఇవ్వకూడదు, పాత ఓనర్ ఖాతాలోంచి తీసేశారో లేదో కూడా అక్కడే తేల్చుకోవాలి. పట్టీ మామూలు 20, 22 మిల్లీమీటర్ల కొలతదైతే ఎక్కడైనా చవకగా దొరుకుతుంది, సొంత డిజైన్ పట్టీ తెగినప్పుడు తెలుస్తుంది దాని బాధ.

కొన్నాక, వెనక్కి ఇచ్చే గడువు లోపలే రెండు పరీక్షలు పెట్టాలి. 400 మీటర్ల ట్రాక్ మీద మొదటి లేన్‌లో లోపలి గీతకి దగ్గరగా పది రౌండ్లు పరిగెత్తండి, అది 4 కిలోమీటర్లు. ట్రాక్ మోడ్ లేని మామూలు జీపీఎస్ 4.1 చూపితే అది మామూలే, 4.3 చూపితే ఆ వాచ్ పేస్‌ని నమ్మి ట్రైనింగ్ చెయ్యలేరు. రెండోది గుండె వేగం. పరుగు మధ్యలో ఆగి, ఆగిన వెంటనే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, ఆగిన క్షణంలో వాచ్‌లో ఉన్న అంకెతో పోల్చండి. ఆలస్యం చెయ్యకూడదు, ఆగిన అర నిమిషంలోనే గుండె వేగం గబగబా పడిపోతుంది. ఒకటి తేలిక పరుగులో, ఒకటి గట్టి పరుగులో, ఒకటి ఎత్తు ఎక్కాక, ఇలా మూడుసార్లు చేసి చూడండి. మూడుసార్లూ ఐదారు బీట్ల తేడాలో ఉంటే ఉంచుకోండి. గట్టి పరుగులో మాత్రమే 20, 30 తేడా వస్తే పట్టీ ఇంకో రంధ్రం బిగించి మళ్లీ చూడండి, అప్పటికీ మారకపోతే గడువు దాటకముందే డబ్బాలో పెట్టి వెనక్కి పంపెయ్యండి.